డ్రైవ్ పక్కన తూకం: ఏ ఇన్‌స్ట్రుమెంటేషన్ యాంప్లిఫైయర్ ఎక్కడ పనికొస్తుంది?

రైస్ మిల్లులో బస్తాలు నింపే యంత్రానికి లోడ్ సెల్ (బరువును చిన్న వోల్టేజిగా మార్చే సెన్సర్) ఉంటుంది. దానికి నాలుగడుగుల అవతల ఎలివేటర్ మోటారును నడిపే వీఎఫ్‌డీ (మోటారు వేగాన్ని మార్చే డ్రైవ్), ఆ పక్కనే కాంటాక్టర్లు (పెద్ద కరెంటును కలిపి తెంచే స్విచ్‌లు), అప్పుడప్పుడూ వెల్డింగ్ పని. మోటారు ఆగి ఉన్నంతసేపు తూకం అంకె కదలదు. డ్రైవ్ ఆన్ చేయగానే చివరి రెండు అంకెలు పరుగు మొదలుపెడతాయి. మిర్యాలగూడ మిల్లులోనైనా, సిమెంటు కాంక్రీటు కలిపే బ్యాచింగ్ ప్లాంటులోనైనా, ఇంజనీరింగ్ కాలేజీ ల్యాబులో మోటారు ప్రాజెక్టు పక్కనైనా ఇదే తంతు.

ఇలాంటి చోటికి ఏ ఇన్‌స్ట్రుమెంటేషన్ యాంప్లిఫైయర్ (రెండు తీగల మధ్యున్న చిన్న వోల్టేజి తేడాను పెంచే చిప్) మంచిదని అడిగితే, చాలామంది డేటాషీటు (తయారీదారు ఇచ్చే వివరాల పత్రం) మొదటి పేజీ తెరిచి నాయిస్ (సంకేతంలో కలిసే గజిబిజి) అంకె దేనిది తక్కువో చూసి ఆ పేరు చెబుతారు. నా లెక్కలో అది అన్నిటికన్నా చివర చూడాల్సిన అంకె. చిప్ తన లోపల పుట్టించే నాయిస్ కన్నా బయటి నుంచి వచ్చిపడేది ఇక్కడ ఎన్నో రెట్లు పెద్దది. దాన్ని చిప్ ఎలా తట్టుకుంటుంది, ఎండాకాలం మధ్యాహ్నం సున్నా ఎంత జరుగుతుంది, తీగ పొరపాటున 24 వోల్టులకు తగిలితే బతుకుతుందా అన్నవి ముందు చూడాలి.

లెక్క గ్రాముల్లో వేసుకుందాం

మైక్రోవోల్టుల్లో మాట్లాడుకుంటే ఏది పెద్ద తప్పో, ఏది చిన్నదో మనసుకు ఎక్కదు. అందుకే ఒక మామూలు ఉదాహరణ పట్టుకుందాం: 350 ఓమ్‌ల లోడ్ సెల్, వోల్టుకు 2 మిల్లీవోల్టుల సున్నితత్వం, 100 కిలోల సామర్థ్యం, 5 వోల్టుల ఎక్సైటేషన్ (లోడ్ సెల్‌కు మనమిచ్చే సరఫరా). పూర్తి బరువు పెడితే వచ్చే సంకేతం 10 మిల్లీవోల్టులు. అంటే 10 గ్రాములకు ఒక మైక్రోవోల్టు.

ఇప్పుడు నాయిస్ చూడండి. 0.1 నుంచి 10 హెర్ట్జ్ మధ్య, అంటే తూకానికి పనికొచ్చే నెమ్మది ప్రాంతంలో, ఏడీ620 అనే చిప్ నాయిస్ శిఖరం నుంచి శిఖరానికి సుమారు 0.28 మైక్రోవోల్టులు. మన లెక్కలో మూడు గ్రాములు. ఐఎన్‌ఏ333 అనే ఇంకో చిప్‌ది ఒక మైక్రోవోల్టు, అంటే పది గ్రాములు. డేటాషీట్లలో మూడున్నర రెట్ల తేడాగా కనబడేది తూకంలో ఏడు గ్రాములు.

అదే లెక్కలో ఇప్పుడు ఉష్ణోగ్రత తీసుకోండి. రేకుల షెడ్డులో ఉదయం 25 డిగ్రీలుండే ప్యానెల్ మధ్యాహ్నానికి 45 దాటడం మన దగ్గర వింత కాదు. ఏడీ620 మామూలు గ్రేడుకు ఇన్‌పుట్ ఆఫ్‌సెట్ డ్రిఫ్ట్ (వేడితో సున్నా జరిగే రేటు) గరిష్ఠంగా డిగ్రీకి ఒక మైక్రోవోల్టు. ఇరవై డిగ్రీలకు 20 మైక్రోవోల్టులు, అంటే 200 గ్రాములు. ఐఎన్‌ఏ333కు ఎక్కువ గెయిన్‌లో (సంకేతాన్ని ఎన్ని రెట్లు పెంచుతుందో అది గెయిన్) ఇది డిగ్రీకి 0.1 మైక్రోవోల్టు, మొత్తం కలిపి 20 గ్రాములు. నాయిస్‌లో ఓడిన చిప్ ఇక్కడ పదింతల తేడాతో గెలిచింది.

ఇక కామన్ మోడ్. రెండు సిగ్నల్ తీగల మీదా ఒకేలా ఎక్కే 50 హెర్ట్జ్ రొద ఒక వోల్టు ఉందనుకోండి. ఈ ఉమ్మడి రొదను అణిచే చిప్ తిరస్కార శక్తి 100 డెసిబెల్ అయితే అందులో లక్షో వంతు, అంటే 10 మైక్రోవోల్టులు, సంకేతంలా నటిస్తూ లోపలికి వస్తుంది: 100 గ్రాములు. 120 డెసిబెల్ అయితే 10 గ్రాములు. 50 హెర్ట్జ్ అలను సగటు తీసి తగ్గించవచ్చు, నిజమే. కానీ క్షణాల్లో బస్తా నిండిపోయే యంత్రానికి తీరిగ్గా సగటు తీసే వ్యవధి ఉండదు.

ముందు ఏ రొదో తేల్చుకోండి

చిప్ మార్చే ముందు చేయాల్సిన పరీక్ష ఒకటుంది, ఖర్చు దాదాపు లేదు. లోడ్ సెల్ విప్పేసి, కేబుల్ అవతలి చివర 350 ఓమ్‌ల రెసిస్టర్లు నాలుగు, లోడ్ సెల్ లోపల ఉన్నట్టే, చతురస్రాకార బ్రిడ్జిలా కట్టండి. బరువు లేదు, కదలిక లేదు. ఇప్పుడు డ్రైవ్ ఆన్, ఆఫ్ చేస్తూ యాంప్లిఫైయర్ ఔట్‌పుట్‌ను ఆసిలోస్కోపులోనూ మల్టీమీటరులోనూ చూడండి.

డ్రైవ్ ఉన్నా లేకపోయినా ఒకే రకం సన్నని గజిబిజి కనిపిస్తే అది చిప్‌ది, రెసిస్టర్లది. తక్కువ నాయిస్ చిప్ కొనడానికి సమర్థన ఉన్నది ఈ ఒక్క సందర్భంలోనే. 50 హెర్ట్జ్ అలో, డ్రైవ్ స్విచ్చింగ్ పౌనఃపున్యంలో ముళ్లో కనిపిస్తే అది ఎర్తింగు, కేబుల్, కామన్ మోడ్ తిరస్కారానికి సంబంధించిన జబ్బు. మూడోది అన్నిటికన్నా మోసకారి: అల ఏదీ కనబడదు, గీత తిన్నగా ఉంటుంది, కానీ డ్రైవ్ ఆన్ చేయగానే ఆ గీత మొత్తం కాస్త పైకో కిందికో జరిగి అక్కడే నిలబడుతుంది. ఆపరేటరు దాన్ని నిజమైన బరువనుకుంటాడు.

ఈ మూడోది ఎందుకు జరుగుతుందంటే, డ్రైవ్‌లోని ఐజీబీటీలు (స్విచ్‌ల్లా పనిచేసే పెద్ద ట్రాన్సిస్టర్లు) సెకనుకు కొన్ని వేలసార్లు తెరుచుకుని మూసుకుంటాయి. వాటి అంచులు మైక్రోసెకనుకు లోపే ఎగిసి పడతాయి కాబట్టి వాటిలో మెగాహెర్ట్జ్ స్థాయి శక్తి ఉంటుంది. ఆ పౌనఃపున్యం దగ్గర యాంప్లిఫైయర్‌కు యాంప్లిఫై చేసే శక్తి ఉండదు. దాని ఇన్‌పుట్ ట్రాన్సిస్టర్ జంక్షన్ మాత్రం పాతకాలపు రేడియోలో డిటెక్టర్ డయోడులా పనిచేసి, రేడియో తరంగాన్ని డీసీ వోల్టేజిగా మార్చేస్తుంది. ఒకసారి డీసీ అయిపోయాక దాన్ని నిజమైన సంకేతం నుంచి వేరు చేసే ఫిల్టరు ఏదీ లేదు. ఔట్‌పుట్ తర్వాత ఎంత పెద్ద కెపాసిటర్ పెట్టినా, సాఫ్ట్‌వేర్‌లో ఎంత సగటు తీసినా ఆ జరుగుడు అలాగే ఉంటుంది. ఆపాల్సింది చిప్ ముందరే.

చిప్‌కు ముందున్న మూడు కెపాసిటర్లు

అందుకే చిప్‌ల పేర్లకు వెళ్లే ముందు ఇన్‌పుట్ ఫిల్టరు గురించి కాస్త ఆగాలి. దీన్ని తప్పుగా కట్టి, నెపం చిప్ మీదికి నెట్టేయడం నేను తరచూ చూసే విషయం.

ప్రతి సిగ్నల్ తీగలో ఒక రెసిస్టర్, అక్కడి నుంచి గ్రౌండుకు ఒక చిన్న కెపాసిటర్, రెండు తీగల మధ్య ఒక పెద్ద కెపాసిటర్. 1 కిలోఓమ్, 1 నానోఫారడ్, 10 నానోఫారడ్ పెడితే సంకేతానికి కటాఫ్ (ఆ పైనున్నది తగ్గిపోయే హద్దు) సుమారు 7.6 కిలోహెర్ట్జ్ దగ్గర, కామన్ మోడ్ రొదకు 159 కిలోహెర్ట్జ్ దగ్గర పడుతుంది. తూకానికి ఇంత వేగం అక్కర్లేదు కాబట్టి మధ్య కెపాసిటర్‌ను ఇంకా పెంచుకోవచ్చు.

గ్రౌండుకు వెళ్లే ఆ రెండు చిన్న కెపాసిటర్లు ఒకదానికొకటి సరిపోలకపోతే, రెండు తీగల మీదా సమానంగా ఉన్న రొద అసమానమై సంకేతంగా మారిపోతుంది. 1 కిలోఓమ్, 1 నానోఫారడ్‌తో, రెండు కెపాసిటర్ల మధ్య 5 శాతం తేడా ఉంటే, 50 హెర్ట్జ్ దగ్గరే మొత్తం తిరస్కారం 96 డెసిబెల్‌కు పడిపోతుంది. రెసిస్టర్‌ను 4.7 కిలోఓమ్‌లు చేస్తే 83 డెసిబెల్. 120 డెసిబెల్ చిప్‌కు డబ్బు పెట్టి 83 డెసిబెల్ పరికరం తయారుచేసుకున్నట్టే. ఆ ఒక్క వోల్టు రొద ఇప్పుడు 700 గ్రాములుగా కనిపిస్తుంది. కాబట్టి ఆ రెండూ సీ0జీ రకం (విలువ దాదాపు మారని సిరామిక్ కెపాసిటర్లు), వీలైతే 1 శాతం తేడా లోపువి పెట్టండి. విలువ చిన్నదైతే తేడా ప్రభావమూ చిన్నదే, కాబట్టి 1 నానోఫారడ్ బదులు 100 పికోఫారడ్ సరిపోతుందేమో ముందు ప్రయత్నించండి. మధ్య కెపాసిటర్ వాటికి కనీసం పదింతలు ఉండాలి. పైపౌనఃపున్యాల్లో ఈ అసమానతను అదే మింగుతుంది. ఎక్స్7ఆర్ రకం సిరామిక్ కెపాసిటర్లు ఈ స్థానంలో వద్దు. వాటి విలువ వోల్టేజితోనూ ఉష్ణోగ్రతతోనూ మారుతుంది, పైగా మిల్లు అదురుకు అవే చిన్న వోల్టేజిని పుట్టిస్తాయి.

రెసిస్టర్ పెంచితే ఇంకో నష్టం: రెసిస్టర్‌కూ సొంత నాయిస్ ఉంటుంది. 4.7 కిలోఓమ్‌లవి రెండు కలిసి హెర్ట్జ్ వర్గమూలానికి (నాయిస్ సాంద్రతను కొలిచే ప్రమాణం ఇది) సుమారు 12.5 నానోవోల్టులు పుట్టిస్తాయి. వాటి వెనక 3.2 నానోవోల్టుల చిప్ పెట్టినా 8 నానోవోల్టుల చిప్ పెట్టినా తేడా మీకు దాదాపు కనబడదు. నాయిస్ అంకె చూసి చిప్ కొనేవాళ్లలో ఎక్కువమంది ఆ లాభాన్ని ఇక్కడే పోగొట్టుకుంటారు.

ఇక చిప్‌లు

మార్కెట్లో దొరికేవి చాలావరకు రెండు సంస్థలవి: అనలాగ్ డివైసెస్, టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్. ఐఎన్‌ఏ వరుసకు పునాది వేసిన బర్-బ్రౌన్‌ను 2000లో టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్ కొనేసింది. ఎల్‌టీ1167 లాంటివి చేసిన లీనియర్ టెక్నాలజీ 2017లో అనలాగ్ డివైసెస్‌లో కలిసింది. పేర్లు ఎన్నో ఉన్నా కుటుంబాలు రెండే అన్నమాట.

ఏడీ620తో మొదలుపెడదాం, ఎందుకంటే పాఠాల్లోనూ కాలేజీ ప్రాజెక్టుల్లోనూ ముందు వినిపించే పేరు అదే. ఒకే రెసిస్టర్‌తో గెయిన్ కుదురుతుంది: 49.4 కిలోఓమ్‌లను ఆ రెసిస్టర్‌తో భాగించి ఒకటి కలపాలి. గెయిన్ 100 కావాలంటే 499 ఓమ్‌లు. డిప్ ప్యాకేజీలో దొరుకుతుంది, బ్రెడ్‌బోర్డు మీద గుచ్చుకోవచ్చు. హైదరాబాదు కోఠి గుజరాతీ గల్లీ దుకాణాల్లో అడిగితే అర్థమయ్యే పేరు. కానీ ఇది ప్లస్ మైనస్ సరఫరా కోసం పుట్టిన చిప్. ఒంటి 5 వోల్టుల మీద నడపవచ్చని మొదటి పేజీ చూస్తే అనిపిస్తుంది. లోపలి పేజీల ప్రకారం దాని ఔట్‌పుట్ కింద 1.1 వోల్టుల కన్నా దిగదు, పైన 3.8 దాటదు, ఇన్‌పుట్‌లు 1.9కి, 3.8కి మధ్య ఉండాలి. రిఫరెన్స్ పిన్నును (ఔట్‌పుట్ సున్నా ఎక్కడుండాలో చెప్పే కాలు) గ్రౌండుకు కట్టి, ఒంటి 5 వోల్టులిచ్చి, సున్నా బరువుకు కూడా ఔట్‌పుట్ ఒక వోల్టు పైన ఇరుక్కుపోయిందేమిటని తల పట్టుకునే విద్యార్థులు ప్రతి ఏడూ ఉంటారు. చిప్ చెడిపోలేదు, దాని నియమం అది. దీన్లో రేడియో తరంగాల ఫిల్టరు కూడా ఉండదు కాబట్టి వీఎఫ్‌డీ పక్కన పైన చెప్పిన మూడు కెపాసిటర్లు లేకుండా పెట్టకూడదు.

పిన్నులు సరిగ్గా అలాగే ఉండే పోటీదారు ఐఎన్‌ఏ128. నాయిస్ దాదాపు అంతే, విద్యుత్తు 700 మైక్రోయాంపియర్లు, ఎక్కువ గెయిన్‌లో తిరస్కారం కనీసం 120 డెసిబెల్. నేను దీన్ని ఏడీ620 కన్నా ఇష్టపడటానికి కారణం వేరే ఉంది: ఇన్‌పుట్‌లు ప్లస్ మైనస్ 40 వోల్టుల దాకా తట్టుకుంటాయి. ఫ్యాక్టరీలో ఎలక్ట్రీషియన్ చేతిలో లోడ్ సెల్ తీగ 24 వోల్టుల టెర్మినల్‌కు తగలడం ఎప్పుడో ఒకరోజు జరిగి తీరుతుంది. ఆ రోజు ప్యానెల్ తెరిచి చిప్ మార్చాలా వద్దా అన్నది ఈ ఒక్క లైనే నిర్ణయిస్తుంది. ఒక చిన్న జాగ్రత్త: దీని గెయిన్ సూత్రంలో అంకె 50 కిలోఓమ్‌లు. ఏడీ620 తీసి ఇది పెడితే గెయిన్ సుమారు ఒక శాతం పెరుగుతుంది, క్యాలిబ్రేషన్ మళ్లీ చేయాలి. ఆ బాధ లేకుండా 49.4 కిలోఓమ్‌లతోనే ఐఎన్‌ఏ129 ఉంది. పాత బోర్డు మరమ్మతుకు అదే అడగండి.

ఏడీ8221 ఈ తరానికి తర్వాతది. దీన్లో నాకు నచ్చేది పిన్నుల అమరిక. గెయిన్ రెసిస్టర్ పిన్నులను రెండు ఇన్‌పుట్‌ల మధ్యకు తెచ్చి, ఇన్‌పుట్ తీగల చుట్టూ ఉండే చిన్నచిన్న కెపాసిటెన్సులు రెండువైపులా సమానంగా పడేలా చేశారు. అందువల్ల తిరస్కారం 50 హెర్ట్జ్ దగ్గరే కాక పైకి కూడా నిలబడుతుంది: గెయిన్ ఒకటి దగ్గర కూడా 10 కిలోహెర్ట్జ్ వరకు కనీసం 80 డెసిబెల్ హామీ. వీఎఫ్‌డీ స్విచ్చింగ్ సాధారణంగా 2 నుంచి 16 కిలోహెర్ట్జ్ మధ్య ఉంటుంది కాబట్టి ఈ హామీకి విలువుంది. చాలా పాత చిప్‌ల పట్టికల్లో తిరస్కారం 60 హెర్ట్జ్ దాకానే రాస్తారు. ఆ పైన ఏమవుతుందో తెలియాలంటే లోపలి పేజీల్లోని వక్రరేఖ చూడాలి. ఏ చిప్ కొన్నా ఆ గ్రాఫు చూడకుండా కొనకండి. మీ డ్రైవ్ ఏ పౌనఃపున్యంలో స్విచ్ అవుతుందో అక్కడ వేలు పెట్టి చదవండి. పిన్నులు మారాయి కాబట్టి ఏడీ620 బోర్డు మీద దీన్ని నేరుగా పెట్టలేరు, డిప్‌లోనూ రాదు.

ఐఎన్‌ఏ826 ఫ్యాక్టరీ ప్యానెల్‌కు బాగా కుదిరే చిప్. 3 వోల్టుల నుంచి 36 వోల్టుల దాకా ఒంటి సరఫరా మీద నడుస్తుంది, తాగే విద్యుత్తు 200 మైక్రోయాంపియర్లు. ఇన్‌పుట్‌లు కింద నెగటివ్ సరఫరా దాకా దిగవచ్చు, పైన సరఫరాకు ఒక వోల్టు తక్కువ దాకా వెళ్లవచ్చు. గెయిన్ 10 దగ్గర తిరస్కారం కనీసం 104 డెసిబెల్. 40 వోల్టుల రక్షణ ఉంది, ఇన్‌పుట్‌లో రేడియో ఫిల్టరూ ఉంది. ప్యానెల్‌లో ఎలాగూ ఉండే 24 వోల్టుల సరఫరాను కాస్త శుభ్రపరిచి దీనికిస్తే, పీఎల్‌సీకి (యంత్రాన్ని నడిపే కంట్రోలరుకు) కావాల్సిన 10 వోల్టుల స్థాయి ఔట్‌పుట్‌కు సరిపడా సరఫరా ఉన్నట్టే. విడిగా ప్లస్ మైనస్ 15 వోల్టుల పవర్ సప్లై పెట్టే పని తప్పుతుంది. అయితే మైక్రోకంట్రోలర్‌కు కలిపేవాళ్లు మాత్రం 24 వోల్టులివ్వకండి, ఔట్‌పుట్ ఒక్కసారి పైకి తగిలితే అవతలి చిప్ పోతుంది.

దీని బలహీనత డ్రిఫ్ట్. గరిష్ఠంగా డిగ్రీకి 2 మైక్రోవోల్టులు. మన ఇరవై డిగ్రీలకు, మరీ చెడ్డ చిప్ చేతికొస్తే, 400 గ్రాములు. ఇది వినగానే వదిలేయాలనిపిస్తుంది. వదిలేయక్కర్లేదు, ఎందుకో ఐఎన్‌ఏ333తో పోల్చితే తెలుస్తుంది.

ఐఎన్‌ఏ333 జీరో డ్రిఫ్ట్ రకం: తన ఆఫ్‌సెట్‌ను తానే ఎప్పటికప్పుడు సరిదిద్దుకుంటుంది. ఆఫ్‌సెట్ 25 మైక్రోవోల్టుల లోపు, విద్యుత్తు 50 మైక్రోయాంపియర్లు, 1.8 నుంచి 5.5 వోల్టుల సరఫరా. పైన చూసినట్టు ఉష్ణోగ్రత మారినా 20 గ్రాములే. రేడియో ఫిల్టరు లోపలే ఉంది. కానీ నెమ్మది చిప్: గెయిన్ 100 దగ్గర బ్యాండ్‌విడ్త్ (అది అందుకోగల పౌనఃపున్యాల హద్దు) 3.5 కిలోహెర్ట్జ్. 40 వోల్టుల రక్షణ లేదు, రెసిస్టర్లతో ఇన్‌పుట్ కరెంటును 10 మిల్లీయాంపియర్ల లోపు ఆపే బాధ్యత మనదే. ఇలాంటి చిప్‌లన్నిటికీ ఉన్న ఇంకో గుణం, లోపలి దిద్దుబాటు గడియారానికి దగ్గరి పౌనఃపున్యంలో బయటి రొద వస్తే రెండూ కలిసి నెమ్మదైన ఊగుగా బయటపడవచ్చు. ముందున్న ఫిల్టరు సరిగ్గా ఉంటే ఇది అరుదు.

ఇప్పుడు ఈ రెండిటిలో ఏది? నేనడిగే ప్రశ్న ఒక్కటే: మీ యంత్రం ఎంత తరచుగా సున్నా చేసుకుంటుంది? బస్తా యంత్రం ప్రతి ఖాళీ సంచి తగిలించగానే టేర్ తీసుకుంటుంది, అంటే ఆ బరువునే సున్నాగా పెట్టుకుంటుంది. ఉదయం నుంచి సాయంత్రానికి సున్నా 400 గ్రాములు జరిగినా, ఒక బస్తా నిండే కొద్ది సెకన్లలో జరిగేది లెక్కలోకి రాదు. అక్కడ డ్రిఫ్ట్‌కు డబ్బు పెట్టడం వృథా. రక్షణ, తిరస్కారం, 24 వోల్టుల సౌకర్యం ముఖ్యం. ఐఎన్‌ఏ826 తీసుకోండి. అదే లోడ్ సెల్స్ మీద నిలబెట్టిన సైలో (సరుకు నిల్వచేసే పెద్ద గాదె) అయితే కథ మారుతుంది. అందులో నెలల తరబడి సరుకు ఉంటుంది, ఖాళీ చేసి సున్నా చూసుకునే అవకాశమే రాదు. రాత్రి, పగలు, ఎండాకాలం, చలికాలం మధ్య జరిగిన ప్రతి మైక్రోవోల్టూ స్టాకు పుస్తకంలోకి ఎక్కుతుంది. అక్కడ ఐఎన్‌ఏ333, లేదా ఆ జాతి చిప్.

థర్మోకపుల్ (వేడిని చిన్న వోల్టేజిగా మార్చే తీగల జంట) కొలిచేవాళ్లకు ఈ గొడవ కాస్త తక్కువ. కే రకం డిగ్రీకి సుమారు 41 మైక్రోవోల్టులిస్తుంది. ఏడీ620 ఇరవై మైక్రోవోల్టులు జరిగినా అర డిగ్రీ. కొలిమికి అది పట్టింపు కాదు. కానీ గాలిలో తేలుతున్న థర్మోకపుల్‌కు ఒక చివర నుంచి గ్రౌండుకు రెసిస్టర్ కట్టడం మరవకండి. ఇన్‌పుట్ బయాస్ కరెంటుకు (చిప్ ఇన్‌పుట్‌లలో పారే అతిచిన్న కరెంటు) దారి లేకపోతే ఏ చిప్ అయినా కాసేపట్లో ఒక అంచుకు కొట్టుకుపోతుంది.

తక్కువ నాయిస్‌కు నిజంగా డబ్బు పెట్టాల్సిన పని కంపనాల కొలత, అల్ట్రాసోనిక్, వేగంగా మారే ఒత్తిడి లాంటివి. అక్కడ ఏడీ8421 ఉంది: హెర్ట్జ్ వర్గమూలానికి 3.2 నానోవోల్టులు, గెయిన్ 100 దగ్గర 2 మెగాహెర్ట్జ్. ఇన్‌పుట్ రెసిస్టర్లు వందల ఓమ్‌లలో పెట్టుకోండి, లేకపోతే పైన చెప్పినట్టు దాని గొప్పంతా పోతుంది. గెయిన్ 100కు దీని రెసిస్టర్ సరిగ్గా 100 ఓమ్‌లే కాబట్టి బోర్డు గీతల్లోని పదో వంతు ఓమ్ కూడా గెయిన్‌లో వెయ్యో వంతు తేడాగా కనిపిస్తుంది. తూకానికి ఇంత వేగమైన చిప్ పెట్టడం కోరి తెచ్చుకునే తలనొప్పి.

కొనేటప్పుడు, కట్టేటప్పుడు

డేటాషీటు మొదటి పేజీలో ఉండేవి సాధారణంగా అన్నిటికన్నా మంచి గ్రేడు అంకెలు. 50 మైక్రోవోల్టుల ఆఫ్‌సెట్ అని గొప్పగా రాసింది ఏడీ620బీ గురించి. దుకాణంలో మీ చేతికొచ్చేది ఎక్కువగా ఏడీ620ఏఎన్, దాని ఆఫ్‌సెట్ 125 దాకా ఉండవచ్చు. ఐఎన్‌ఏ128పీ వేరు, ఐఎన్‌ఏ128పీఏ వేరు. పేరు చివరి అక్షరాలు రసీదు మీద చూసుకోండి. పెద్ద డిస్ట్రిబ్యూటర్ల దగ్గర ఒక చిప్ ధర కన్నా, ఆ చిప్‌తో పాటు బోర్డు, స్క్రూ టెర్మినళ్లు అన్నీ కలిపిన మాడ్యూలు తక్కువకు వస్తోందంటే, దాని మీద అచ్చేసిన పేరును నమ్మాల్సిన అవసరం లేదు. నేర్చుకోవడానికి వాడండి, తూకపు యంత్రంలో పెట్టకండి.

రిఫరెన్స్ పిన్ను దగ్గర పొదుపు చేయకండి. రెండు రెసిస్టర్ల డివైడర్‌తో సగం వోల్టేజి తయారుచేసి నేరుగా దానికి కలపడం చాలా సర్క్యూట్లలో కనిపిస్తుంది. ఐఎన్‌ఏ128లో ఆ పిన్నుకు 8 ఓమ్‌లు అడ్డు తగిలితేనే గెయిన్ ఒకటి దగ్గర తిరస్కారం సుమారు 80 డెసిబెల్‌కు దిగుతుంది. డివైడర్‌లో ఉండేవి వేల ఓమ్‌లు. మధ్యలో ఒక మామూలు ఆప్ ఆంప్ బఫరు పెట్టండి.

గెయిన్ అంతా ఒకేచోట తీసుకోవాలన్న తొందర కూడా వద్దు. ముళ్లలాంటి రొద ఎక్కువగా ఉన్నచోట గెయిన్ 1000 పెడితే ఔట్‌పుట్ మాటిమాటికీ అంచుకు తగిలి, దాని సగటు కూడా తప్పవుతుంది. వెనక మంచి ఏడీసీ (వోల్టేజిని అంకెగా మార్చే చిప్) ఉంటే 50, 100 దగ్గర ఆగండి. పీఎల్‌సీకి పది వోల్టులు కావాల్సిందే అంటే, మొదటి దశ తర్వాత ఫిల్టరు పెట్టి, మిగతా గెయిన్ రెండో దశలో తీసుకోండి.

ఈ చిప్‌లేవీ అక్కర్లేని సందర్భాలు

లోడ్ సెల్ కొలిచి అంకె చూపించడమే పనైతే, విడి యాంప్లిఫైయర్ బదులు గెయిన్ లోపలే ఉన్న 24 బిట్ ఏడీసీ చాలాసార్లు మేలు. అందరికీ తెలిసిన హెచ్‌ఎక్స్711 గెయిన్ 128 ఇస్తుంది, సెకనుకు 10 లేదా 80 రీడింగులు. 10 రీడింగుల వేగంలో 50, 60 హెర్ట్జ్ రెండిటినీ తనే అణిచేస్తుంది. 80కి మార్చి వేగం వచ్చిందని సంతోషించేవాళ్లు ఆ అణచివేతను వదులుకున్నారని గమనించాలి. దానికన్నా ఒక మెట్టు పైన ఏడీఎస్1232, తూకాల కోసమే చేసింది. థర్మోకపుల్, ఆర్‌టీడీ (వేడితో నిరోధం మారే సెన్సర్) కూడా కలపాలంటే ఏడీఎస్1220. ఇవి లోడ్ సెల్ ఎక్సైటేషన్‌నే రిఫరెన్సుగా వాడుకోగలవు కాబట్టి సరఫరా ఊగినా తూకం ఊగదు, విడి యాంప్లిఫైయర్‌తో ఈ సౌలభ్యం కోసం అదనంగా కష్టపడాలి. మూడు కెపాసిటర్ల నియమం మాత్రం వీటికీ వర్తిస్తుంది. వేగం కావాలన్నా, అనలాగ్ ఔట్‌పుట్ కావాలన్నా, పొడవైన కేబుల్‌కు ముందు లోడ్ సెల్ దగ్గరే సంకేతాన్ని పెంచి పంపాలన్నా విడి చిప్‌కు రండి.

రెండో సందర్భం, కామన్ మోడ్ వోల్టేజి సరఫరానే దాటిపోవడం. పైన చెప్పిన చిప్‌లన్నీ తమ సరఫరా హద్దుల్లో ఉన్న వోల్టేజిని మాత్రమే కొలవగలవు. 40 వోల్టుల రక్షణ బతకడానికే తప్ప కొలవడానికి కాదు. వరుసగా కట్టిన బ్యాటరీ సెల్స్ వోల్టేజిలాంటి పనికి ఏడీ629 ఉంది, ప్లస్ మైనస్ 15 వోల్టుల సరఫరా మీద 270 వోల్టుల కామన్ మోడ్ దాకా కొలుస్తుంది, గెయిన్ మాత్రం ఒకటే. 48 వోల్టుల మోటారు డ్రైవ్‌లో షంటు (కరెంటు కొలవడానికి పెట్టే అతిచిన్న రెసిస్టర్) మీద కరెంటు కొలవాలంటే ఐఎన్‌ఏ240, మైనస్ 4 నుంచి 80 వోల్టుల వరకు, పీడబ్ల్యూఎం (డ్రైవ్ వేగంగా ఆన్, ఆఫ్ చేసే పద్ధతి) అంచులను తట్టుకోవడానికే తయారైంది. 415 వోల్టుల డ్రైవ్ లోపలి డీసీ బస్సు వైపు చేయి పెట్టాల్సి వస్తే వీటిలో ఏదీ కుదరదు. అక్కడ ఏఎంసీ1301లాంటి ఐసొలేటెడ్ యాంప్లిఫైయర్ (ఇన్‌పుట్‌కూ ఔట్‌పుట్‌కూ మధ్య విద్యుత్ సంబంధం లేనిది) కావాలి, దాని రెండు వైపులకూ వేర్వేరు సరఫరాలు కావాలి, బోర్డు మీద ఆ రెండు వైపుల మధ్య రాగి గీత లేని ఖాళీ వదలాలి.